ఇరవై నాలుగు లైన్లు

బట్టలు కుట్టేది భార్య అయితే, కొలతల మాస్టారని పేరొచ్చింది మాత్రం భర్తకి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, ప్యాంటు గుడ్డ చంకలో పెట్టుకుని పత్రికాఫీసు మెట్లెక్కిన సందర్భాలు రెండు మూడున్నాయి. ఆయన విసుక్కోకుండా వాళ్లకి తన ఇంటి దారి చూపించేవాడు. ఆయన కొలిచేది పేజీలు. మధ్యాహ్నం మూడున్నరకి వీధిలోకి వచ్చే ఆ నాలుగు పేజీల సాయంకాలం పత్రికలో ఏ వార్త ఎన్ని లైన్లుండాలో, ఏ ఫొటో ఎంత మేర కూర్చోవాలో ముప్పై నాలుగేళ్లుగా తేలుస్తున్నది ఆయనే.

సీసం అక్షరాలు ఏరి పేర్చే రోజుల్లో చేరాడు. తర్వాత కత్తెర, జిగురు వచ్చాయి; వార్తల ముక్కలు కత్తిరించి అట్ట మీద అంటించేవాడు. ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. దాన్నీ నేర్చుకున్నాడు గానీ చేతిలోని స్టీలు స్కేలు మాత్రం వదల్లేదు. తెర మీది పేజీకి కూడా స్కేలు ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. "మాస్టారూ, కొలత అదే చెప్తుంది కదండీ" అని రిపోర్టర్లు నవ్వితే, "అది చెప్పడం చెప్తుంది, నేను చూడటం చూస్తాను" అనేవాడు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. వార్త ఇంకా చేతికి రాదు, దాని చోటు మాత్రం పేజీలో అట్టేపెట్టాలి. అలాంటప్పుడు ఎవరైనా ఏదో ఒక మాట పదే పదే కొట్టి ఆ గడి నింపుతారు, అసలు వార్త రాగానే చెరిపేస్తారు. మాస్టారికి అది గిట్టదు. ఒకే మాట వందసార్లు కొడితే లైన్లన్నీ ఒక్కచోటే విరుగుతాయి, నిజం వార్త అలా విరగదు, కాబట్టి పేజీ ఎలా ఉంటుందో కంటికి తెలియదని ఆయన వాదన. అందుకని నిజం మాటలే రాసేవాడు. ఆ పూట మనసులో ఏముంటే అది. 'మా ఇంటి కుళాయి కారుతుంటే మా బావమరిది బాగుచేస్తానని వచ్చి, ఆ వచ్చే నీళ్లు కూడా రాకుండా చేసి వెళ్లాడు' అని మొదలుపెట్టి, ఎన్ని లైన్లు కావాలో అన్ని లైన్లూ సరిగ్గా రాసి ఆపేవాడు. కంప్యూటరు వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆయన ఇలా రాసి చెరిపిందంతా కలిపితే లావుపాటి పుస్తకమవుతుంది. అందులో ఒక్క ముక్క ఎవరి కంటా పడలేదు, ఆ శనివారం వరకు.

శనివారం సంగతికి ముందు బుధవారం సంగతి చెప్పాలి.

పైన చెప్పిన బావమరిది అదే పత్రికలో ప్రెస్సు నడుపుతాడు. పెళ్లి చేసుకోలేదు. అక్కాబావల ఇంటి పై వాటాలో ఉంటాడు, భోజనం మాత్రం కింద అక్క దగ్గరే. మాస్టారికి పిల్లల్లేరు, ఆ దిగులు ఎప్పుడో పాతబడిపోయింది. మనుషులు ముగ్గురే అయినా ఇంట్లో గంటకొక మాట, అరగంటకొక వాదన, మధ్యలో కుట్టుమిషను చప్పుడు, అన్నీ నిండుగానే ఉండేవి.

బుధవారం సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ ఇద్దరికీ వడ్డించి, తనూ కూర్చుని, చాలా మామూలుగా చెప్పింది.

"బస్టాండు ఎదుటి సందులో గది ఒకటి ఖాళీగా ఉంది. తీసుకుంటాను. ఇన్నేళ్లూ ఈ కిటికీ మూల కూర్చుని కుట్టింది చాలు. బోర్డు పెట్టి, కొట్టు తెరుస్తాను."

ఆ చెప్పిన తీరు చూస్తే, అది ఆరునెలలుగా మనసులో కుట్టి, విప్పి, మళ్లీ కుట్టుకున్న మాటని ఎవరికైనా తెలుస్తుంది. మాస్టారికి తెలియలేదు. పకపకా నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది.

"యాభై రెండేళ్లకి కొట్టా? బోర్డు మీద ఏం రాయిస్తావు, త్వరలో మూసివేయబడును అనా?"

బావమరిది కూడా ఆపుకోలేక నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. అంతే, ఆ పూట నుంచి మాట బంద్.

తిట్టలేదు, ఏడవలేదు. పుట్టింటికి పోతానని బెదిరించలేదు. పుట్టింటివాడు పై వాటాలోనే ఉంటే ఇక ఎక్కడికని పోతుంది. మాస్టారితో చెప్పాల్సినవన్నీ తమ్ముడితో చెప్పడం మొదలుపెట్టింది. మాస్టారు ఎదురుగానే ఉంటాడు.

"తమ్ముడూ, మీ బావకి వడ్డించానని చెప్పు."

"బావా, వడ్డించిందట."

"విన్నాన్రా."

"అక్కా, విన్నాడట."

గురువారం ఆవిడ వెళ్లి ఆ గది తీసుకుంది. ఇంటికొచ్చి, కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది. "తమ్ముడూ, వచ్చే గురువారం పదకొండింటికి తెరుస్తున్నాను. నువ్వు రా. మీ బావ రానక్కర్లేదని చెప్పు."

ఈసారి బావమరిది ఆ మాట మోయలేదు. మోయకపోయినా మాస్టారి గుండెలో కలుక్కుమంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని రావద్దన్న చోటు ఇంతవరకూ లేదు. వచ్చే గురువారం లోపల తాను నోరు విప్పకపోతే, ఆవిడ తనవైపు తిరిగి ఒక్క మాటైనా అనకపోతే, ఆ కొట్టు గుమ్మం ఇక ఎన్నడూ తలెత్తుకుని తొక్కలేడని ఆయనకి అర్థమైంది. చెప్పాల్సింది ఎంతో లేదు, తప్పు నాదే అన్న రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలే ఆయన నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. తప్పు చేసినప్పుడల్లా ఏ మిషనుకో నూనె వేసిపెట్టేవాడు, కిటికీ రెక్క బిగించేవాడు, ఆవిడ అర్థం చేసుకునేది. ఈసారి శుక్రవారం పొద్దున్న మిషనుకి నూనె వేశాడు. ఆవిడ దాన్ని గుడ్డతో తుడిచేసింది.

ఇప్పుడు శనివారం.

ప్రతి శనివారం మొదటి పేజీలో కుడిచేతి పక్కన 'ఎడిటరు మాట' అని ఒక గడి వస్తుంది. సరిగ్గా ఇరవై నాలుగు లైన్లు, కింద ఎడిటరుగారి చేతిరాత సంతకం. పైన ఆ శీర్షికా, కింద సంతకమూ పేజీలో ఎప్పుడూ ఉండేవే, మధ్యలో మాటర్ మాత్రం వారం వారం మారుతుంది. ఎడిటరుగారు ఆ మాటర్ ఏ వారమూ వేళకి ఇచ్చిన పాపాన పోలేదు. ఆ వేళ కూడా పదింటికి గడి ఖాళీగానే ఉంది. మాస్టారు కొలత కోసం రాయడం మొదలుపెట్టాడు. మనసులో ఏముందో వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై నాలుగు లైన్లూ పూర్తిచేసి, పేజీ భద్రం చేసి, టీ తాగి వచ్చాడు.

పదకొండున్నరకి ఎడిటరుగారి మాటర్ వచ్చింది. మార్కెట్టు వీధి మురిక్కాలువ గురించి, అదే విషయం మీద పన్నెండోసారి. మాస్టారు తన రాత చెరిపి, మురిక్కాలువని ఇరవై నాలుగు లైన్లకి సర్ది కూర్చోబెట్టాడు. ప్రూఫు తీశారు, చదవాల్సినవాళ్లు చదివారు, సరే అన్నారు. మాస్టారు పేజీ మళ్లీ భద్రం చేసేలోగా, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. కంప్యూటరు బ్యాటరీ చెడిపోయి నెలరోజులైంది. కరెంటు తిరిగొచ్చాక కంప్యూటరు తనకి గుర్తున్న పేజీని తెచ్చి చూపించింది. దానికి గుర్తున్నది పదింటి పేజీ.

మాస్టారు చూశాడు. శీర్షిక ఉంది, సంతకం ఉంది, మధ్యలో లైన్లున్నాయి. స్కేలు ఆనించాడు. ఇరవై నాలుగు. చదవలేదు. చదవడం ప్రూఫువాళ్ల పని, కొలవడం తన పని, ముప్పై నాలుగేళ్లుగా ఇదే కట్టుబాటు. పేజీని అచ్చు ప్లేటు తీయడానికి పంపేశాడు. కింద బావమరిది ప్రెస్సు తిప్పాడు. అక్షరం నల్లగా పడిందా లేదా అన్నదే వాడి పట్టింపు, ఆ అక్షరాలు ఏమంటున్నాయో వాడు ఏనాడూ అడగలేదు. మూడున్నరకి పత్రిక వీధిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చేసరికి ఒక వింత. ఆవిడ పత్రిక చదువుతోంది. ఆ ఇంట్లో పత్రికకి ఒకటే ఉపయోగం: కాలరుకో చేతికో కాగితం నమూనా కత్తిరించుకోవడం. అలాంటిది కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదువుతోంది. పక్కింటి టీచరమ్మ పరుగున వచ్చి ఇచ్చిపోయిందట. బల్ల మీద మాస్టారి కాఫీ మాత్రం ఎప్పటిలాగే మూతపెట్టి ఉంది. బావమరిది స్నానం చేసి తల తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

"తమ్ముడూ, నువ్వే అచ్చేస్తావు, చదవవు. కూర్చో, వినిపిస్తాను. మనిషంటే ఎడిటరుగారు. విను," అని ఆవిడ గొంతు సవరించుకుంది.

"'మా ఇంట్లో మాట ఆగిపోయి మూడు రోజులైంది. తప్పు నాదే. ఆవిడ ఒక పని మొదలుపెడతానంటే నవ్వాను. నవ్వు వచ్చి నవ్వలేదు, భయమేసి నవ్వాను. ఇన్నేళ్లు పనిచేశాను, ఇక ఎంతో కాలం చేయను. పని మానేసి ఇంట్లో కూర్చున్న రోజున ఎదురుగా ఆవిడ ఉంటుంది కదా అనే ధైర్యంతో బతికాను. ఆవిడ కూడా బయటికి వెళ్తే ఆ ఇంట్లో నేను ఒక్కణ్ణీ ఎలా ఉంటానో నాకు తెలియదు. ఆవిడ పనితనం ఎంత గొప్పదో నాకు తెలుసు. ఆవిడకి చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే అక్కడ నోరు రావడం లేదు. ఇంకా రెండు లైన్లు ఖాళీ ఉంది. ఆ రెండు లైన్లలో కూడా మళ్లీ అదే చెప్తాను. తప్పు నాదే, తప్పు నాదే.'"

మొదటి లైనుకే మాస్టారికి కాఫీ పొలమారింది. నాలుగో లైనుకి కుర్చీలో కూలబడ్డాడు. చివరి రెండు లైన్లకి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. కరెంటు, బ్యాటరీ, పదింటి పేజీ, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి.

"చూశావా తమ్ముడూ, అంత చదువుకున్న మనిషి, ఊరంతా నమస్కారం పెట్టే మనిషి, నలుగురి ముందూ తప్పు నాదేనని ఒప్పుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంకొందరున్నారు, గది తలుపులు వేసుకుని కూడా ఒప్పుకోరు."

మాస్టారు ఇక ఉండబట్టలేకపోయాడు. "అది... అది రాసింది నేను."

ఆవిడ పత్రిక మడిచింది. నెమ్మదిగా తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్ముడూ, మీ బావకి చెప్పు. తప్పు ఒప్పుకోవడం చేతకాకపోతే పోనీ, ఇంకొకళ్లు ఒప్పుకున్న తప్పుని దొంగిలించొద్దని చెప్పు."

బావమరిది అటూ ఇటూ చూశాడు. బావ ముఖం చూడగానే వాడికి అసలు సంగతి తెలిసిపోయింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. "అక్కా, నిజంగా బావే..." అన్నాడు.

"నువ్వు మొన్న కూడా ఆయనతో కలిసే నవ్వావు," అంది ఆవిడ. సాక్ష్యం అక్కడితో కొట్టుకుపోయింది. ఆవిడ కత్తెర తీసుకుని ఆ ఇరవై నాలుగు లైన్లూ అంచులు చెదరకుండా కత్తిరించి, మిషను ముందు గోడకి అంటించింది. రోజూ తన మాటల్నే ఎదురుగా చూస్తూ భోజనం చేయాల్సిన గతి మాస్టారికి పట్టింది.

ఆదివారం గడ్డం గీయించుకుందామని మంగలి కొట్టుకి వెళ్లాడు. అక్కడ అదే గోల. మంగలి సబ్బు నురగ కలుపుతూ చెప్పాడు. "నిన్నట్నుంచి వచ్చిన ప్రతివాడూ మీ ఎడిటరుగారిని ఆడిపోసుకుంటున్నాడు మాస్టారూ. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఆ ముక్క పట్టుకుని, మీరెప్పుడు ఒప్పుకుంటారని నిలదీస్తున్నారట. మా ఆవిడ ఏకంగా మూడు తప్పులు గుర్తుచేసింది. రెండు నాకు తెలియనే తెలియవు."

పక్క కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు కూర్చుని ఉన్నాడు. ఆయన వేలెత్తి అన్నాడు. "మీరందరూ విషయం చూస్తున్నారు, నేను రాత చూస్తున్నాను. ఆ ముగింపు చూడండి. 'ఇంకా రెండు లైన్లు ఖాళీ ఉంది.' ఎంత చమత్కారం. ఎడిటరుగారిలో ఇంత రచయిత ఉన్నాడని మనకి ఇన్నాళ్లూ తెలియలేదు."

మాస్టారు నురగ వెనక దాక్కున్నాడు. నిజానికి అక్కడ రెండు లైన్లు ఖాళీ ఉంది, నింపాలి కాబట్టి నింపాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచాడు, అదీ ఇంకొకరి పేరుతో. ఇంట్లో మాత్రం పెరుగు గిన్నె కూడా బావమరిది చేతి మీదుగానే వస్తోంది.

సోమవారం రెండు కాగితాలు జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. ఒకటి మంగళవారం పత్రికలో వేయాల్సిన సవరణ, రెండోది రాజీనామా. ఎడిటరుగారు ఏది అడిగితే అది ఇద్దామనుకున్నాడు. ఎడిటరుగారు ఆ రోజు పదిహేను నిమిషాలు ముందే వచ్చారు. ఈల వేసుకుంటూ మెట్లెక్కారు. మాస్టార్ని గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు.

"సవరణ వేద్దామనుకుంటున్నారా?"

"అవునండీ. రాసుకొచ్చాను. పదకొండు లైన్లు."

"ఇలా ఇవ్వండి," అని తీసుకుని, చదవకుండానే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "మాస్టారూ, కూర్చోండి. ఎనిమిదేళ్ల కిందట మా ఆవిడ కారు నడపడం నేర్చుకుంటానంది. నేను నవ్వానట. నాకు గుర్తే లేదు. ఆవిడకి తేదీతో సహా గుర్తుంది. శనివారం సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి పత్రిక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంటోంది. ఇన్నాళ్లకి మీకు తెలిసొచ్చిందా అంది. నాకేం తెలిసొచ్చిందో నాకు తెలియదు. పత్రిక తీసి చదివాను. చదివాక, అవును తెలిసొచ్చింది అన్నాను. ఏమనమంటారు?"

"అంతేలెండి."

"నిన్న పొద్దున్న ఆవిడ కారు తీసింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. గేటు స్తంభం ఒకటి పోయింది. అయినా నవ్వలేదు. ఎనిమిదేళ్ల తర్వాత మా ఇంట్లో పాటలు వినిపిస్తున్నాయి మాస్టారూ. మీరు సవరణ వేశారనుకోండి, రెండో స్తంభం నా నెత్తిన పడుతుంది. ఈ మాట మన మధ్యే ఉండాలి. మీ ఇంట్లో ఎవరికీ తెలియదు కదా?"

"చెప్పానండీ. నమ్మలేదు."

"అమ్మయ్య," అన్నారు ఎడిటరుగారు. అని, ఒక్క క్షణం ఆగారు. ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. ఆయన చెడ్డమనిషి కాదు. "అంటే, ఆ రాసిందంతా... ఇంట్లో మాట ఆగిపోయిందన్నది... మీ ఇంట్లోనా?"

మాస్టారు నేల చూపులు చూశాడు. "ఇప్పటికీ ఆగే ఉందండీ. మీ రాత చూసి నన్ను నేర్చుకోమంటోంది."

ఎడిటరుగారి పెదవుల మీద నవ్వు వస్తోంది, ఆయన దాన్ని తోసేస్తున్నారు. చివరికి అన్నారు. "నేను వచ్చి చెప్తాను మీ ఆవిడతో. నా నోటితో చెప్తే నమ్ముతుంది."

మాస్టారు ఆలోచించాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎడిటరుగారు చెప్తే ఆవిడ నమ్ముతుంది, నిజమే. కానీ ఆవిడకి తెలిస్తే పక్కింటి టీచరమ్మకి తెలుస్తుంది. టీచరమ్మకి తెలిస్తే సాయంత్రానికల్లా ఎడిటరుగారి ఇంటికి చేరుతుంది, అక్కడ పాటలు ఆగిపోతాయి. అది ఒకటి. రెండోది ఇంకా లోతుగా గుచ్చుకుంది. ఎడిటరుగారు వచ్చి చెప్పినా అది కూడా ఇంకొకరి నోరే అవుతుంది. బావమరిది నోరు, పత్రిక నోరు, ఇప్పుడు ఎడిటరుగారి నోరు. తన నోటికి ఏం వచ్చింది?

"వద్దండీ. మీ ఇంటి సంగతి అలాగే ఉండనివ్వండి. మా ఇంటి సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

ఎడిటరుగారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. వదిలేముందు కొంచెం మొహమాటపడుతూ అడిగారు. "వచ్చే శనివారానికి కూడా అలాంటిదేమైనా రాసిపెట్టగలరా? మురిక్కాలువ గురించి ఒక్కరూ అడగలేదు."

"మా ఇంట్లో వారం వారం గొడవలుండవండీ," అన్నాడు మాస్టారు.

చూసుకుంటానని అనడం అన్నాడు గానీ, చూసుకోవడం అంత తేలిగ్గా లేదు. మంగళవారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దంలో తనకి తాను నాలుగుసార్లు చెప్పుకున్నాడు. బాగానే వచ్చింది. వంటగది గుమ్మం దాకా వెళ్లాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "కుళాయి కారుతోందేమోనని," అని వెనక్కి వచ్చేశాడు. బుధవారం సాయంత్రం ఆవిడ దారపుకండెలూ గుండీల డబ్బాలూ అట్టపెట్టెల్లో సర్దుకుంటోంది. మాస్టారు ఎదురుగా నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆవిడ చేతిలో పని ఆపింది. "ఫ్యాను కట్టేయనా?" అన్నాడు. ఆవిడ గోడకి అంటించిన ముక్కని జాగ్రత్తగా ఊడదీసి ఒక పుస్తకంలో పెట్టుకుంది. ఏ ముప్పావు లైను వార్తనైనా కూర్చోబెట్టగల మనిషికి రెండు మాటలు ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు.

గురువారం పదింపావు అయింది. మొదటి పేజీ సగమైంది. ఇంకా రెండు వార్తలు రావాలి, ఒక ఫొటో సరిచేయాలి. మాస్టారు గోడ గడియారం చూశాడు, పేజీ చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. లేచి నిలబడ్డాడు. "పేజీ ఎవరైనా చూసుకోండి," అని మెట్లు దిగిపోయాడు. ముప్పై నాలుగేళ్లలో పేజీ పూర్తికాకుండా ఆయన ఆఫీసు దిగడం అదే మొదలు. రిపోర్టర్లు కిటికీలోంచి తొంగి చూశారు. ఎడిటరుగారు మాత్రం కుర్చీ లాక్కుని పేజీ ముందు కూర్చున్నారు.

బస్టాండు ఎదుటి సందులో మూడో షట్టరు. లోపల పది అడుగుల గది. కొత్త సున్నం వాసన. ఒక పొడుగాటి బల్ల, కిటికీ కింద మిషను, నిలువుటద్దం, బట్టలు వేసి చూసుకోవడానికి మూలన పరదా. పక్కింటి టీచరమ్మ, ఇంకో ముగ్గురు పాత గిరాకీలు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. ప్రెస్సు పని ఇంకా మొదలవదు కాబట్టి బావమరిది కూడా వచ్చి బల్బు బిగిస్తున్నాడు. బల్ల పై గోడకి అద్దం బిగించిన చట్రంలో ఇరవై నాలుగు లైన్లు, కింద ఎడిటరుగారి సంతకం.

మాస్టారు గుమ్మం ముందు ఆగాడు. ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది.

"తమ్ముడూ, మీ బావ ఎందుకొచ్చారో అడుగు."

బావమరిది నోరు తెరిచాడు. "నువ్వుండరా," అన్నాడు మాస్టారు. దారి పొడవునా కూర్చుకున్న వాక్యం ఒకటుంది. అది ఆ క్షణానే ఎగిరిపోయింది. అయినా మొదలుపెట్టాడు.

"నేను ఆ రోజు నవ్వాను కదా. అది తప్పు. తప్పంటే, నాది. నీది కాదు. నీదని నేననలేదు. నీ కుట్టు సంగతి నాకు తెలియక కాదు, ఈ ఊళ్లో నీ అంత... సరే అది వేరే. నాకు వచ్చే ఏడాదికి పని ఉండదు. నువ్వు పొద్దున్నే ఇటొచ్చేస్తే, నేనక్కడ... ఆ మిషను చప్పుడు కూడా ఉండదు. అందుకని నవ్వాను. అంటే నవ్వు వచ్చి కాదు. భయమేసి. నువ్వు రావద్దన్నావు, అయినా వచ్చాను. ఇంకా ఏదో ఉంది, మర్చిపోయాను. తప్పు నాదే. అంతే."

ఎక్కడా కొలత లేదు. ఒక వాక్యం పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఖాళీలు. చెమట చెవుల మీదుగా కారుతోంది. టీచరమ్మ చేతిలో గుడ్డని అటూ ఇటూ మడుస్తోంది. ఆవిడ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. కళ్లద్దాలు తీసి పైటచెంగుతో తుడిచింది, కళ్లు కూడా తుడుచుకుంది. గోడ మీది చట్రం వైపు చూసింది, గుమ్మంలో మనిషి వైపు చూసింది.

"ఎడిటరుగారు రాసినంత బాగా లేదు," అంది.

తమ్ముడితో కాదు. ఆయనతో.

బావమరిది స్టూలు మీంచి దిగి, దగ్గొచ్చినట్టు నటిస్తూ బయటికి పరుగెత్తాడు. మాస్టారు తలెత్తి చట్రం చూశాడు. బతుకంతా అచ్చుపనిలో గడిపిన మనిషి రాసింది అచ్చులోకి ఎక్కడం అదొక్కసారే, దాని కింద సంతకం వేరొకరిది. ఒక్క నిమిషం ప్రాణం ఉసూరుమంది. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఇంకా ఆయన్నే చూస్తోంది, ఎనిమిది రోజుల తర్వాత.

"ఆయన చదువుకున్నవాడు కదా," అన్నాడు మాస్టారు. "నాకు ఇంతే వచ్చు."

"ఇంతైనా వచ్చింది, సంతోషం. లోపలికి రండి. మీరలా అడ్డంగా నిలబడితే గిరాకీ ఎలా వస్తుంది?" అంది ఆవిడ.